పిల్లలు లేనివారికి మాత్రమే

ఆదివారం ఉదయం. సోదమ్ అనే ఆరేళ్ళ పిల్లకు తండ్రి గిచోల్ ఒక ఆట నేర్పుతున్నాడు. రెండు జతల ఊలు మేజోళ్ళు ఒకదానిమీద ఒకటి తొడిగి, గది ఈ మూల నుంచి ఆ మూలకు నడవమన్నాడు. మడమ నేలకు తగిలితే ఓడినట్టు. చప్పుడు వస్తే మళ్ళీ మొదటికి. పిల్ల నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, రెండు చేతులూ చాచి, మునివేళ్ళమీద నడిచింది. ఆ కొసకు చేరి చప్పట్లు కొట్టబోతే తండ్రి గబుక్కున ఆ చేతులు పట్టుకున్నాడు.

“చప్పట్లు కూడా వద్దురా. గాల్లో కొట్టు.”

పిల్ల గాల్లో కొట్టింది. తల్లి మిరాన్ పక్కనుంచి చూసి నవ్వింది. ఎవరు చూసినా ముచ్చటపడే దృశ్యమే. ఆ ఆట ఎందుకు నేర్పుతున్నారో తెలిసినవారు మాత్రం ముచ్చటపడరు.

గున్‌సాన్ అనే ఊళ్ళో తను పనిచేసే కార్ల ఫ్యాక్టరీ మూతపడ్డాక గిచోల్‌కు సియోల్‌లో లిఫ్టులు బాగుచేసే పని దొరికింది. ముప్పై అంతస్తుల మేడల్లో లిఫ్టు గోతిలోకి దిగి గ్రీజు పూసి వస్తాడు. ఆ మేడల్లో బతికేవాళ్ళకు లిఫ్టు ఆగితే అయిదు నిమిషాలు ఓపిక ఉండదు. వాళ్ళ లిఫ్టు నడిపించేవాడు తల దాచుకోవడానికి ఆ ఊళ్ళో చోటు ఉందా లేదా అన్నది ఎవరికీ పట్టని సంగతి.

ఇల్లు వెతకడం మొదలుపెట్టారు. మొదట చూసింది సగం భూమిలోకి దిగిన ఇల్లు. కిటికీలోంచి కనిపించేవి దారినపోయేవాళ్ళ చెప్పులు. గోడకు కొత్త కాగితం అంటించారు గాని, దాని వెనకున్న బూజు వాసనకు ఏ కాగితమూ అంటించలేకపోయారు. ఎండ రాదా అని మిరాన్ అడిగితే, ఎండ కావాలంటే మెట్లెక్కి బయటికి వెళ్ళమన్నాడు ఇంటాయన. తరవాతది డాబామీద వేసిన ఒంటిగది. చలికాలంలో కుళాయి గడ్డకట్టుకుపోతుందని, మరుగుదొడ్డి బయటుందని, పక్కింటామే వచ్చి చెవిలో చెప్పి వెళ్ళింది. మరొకటి ఎంత ఇరుకంటే, తలుపు తీస్తే బట్టలుతికే యంత్రానికి తగిలి ఆగిపోయేది. సన్నగా ఉన్నవాళ్ళు పక్కకు తిరిగి లోపలికి వెళ్ళాలి. దానికి కూడా ముగ్గురు వరసలో నిలబడి ఉన్నారు.

బాగున్న ఇళ్ళు లేక కాదు. వాటికి ముందుగా కట్టవలసిన అడ్వాన్సు వింటే నోట మాట రాదు. అద్దె కాస్త అందుబాటులో ఉన్న ఇల్లు ఎదురైనప్పుడల్లా బ్రోకరు ప్యో ఒకే ప్రశ్న వేసేవాడు, పిల్లలున్నారా అని. ఒక్కతే, నెమ్మదస్తురాలు అని మిరాన్ చెప్పేది. నెమ్మదైన పిల్లల్ని ఈ వృత్తిలోకి వచ్చాక తనింతవరకూ చూడలేదనేవాడతను. ఫోనులో ఓనరుతో రెండు మాటలు మాట్లాడి, లాభం లేదని చెయ్యి ఊపేసేవాడు. పిల్లలు గెంతుతారు, కింద ఇంటివాళ్ళు తగువుకొస్తారు, ఆ తలనొప్పి ఏ ఓనరుకూ అక్కర్లేదు.

చివరికి కొండవాలు మీద మూడో అంతస్తులో ఒక ఇల్లు చూపించాడు. రెండు గదులు. అద్దె వాళ్ళ తాహతుకు సరిపోతుంది. మధ్యాహ్నపు ఎండ నేలమీద చాపలా పరుచుకుని ఉంది. మిరాన్ కిటికీ దగ్గర నిలబడి కదలలేదు. ప్యో ఆఫీసు అద్దంమీద ఆ ఇంటి గురించి అంటించిన కాగితంలో చివరి మాట, పిల్లలు లేనివారికి మాత్రమే అని.

“మరి మాకెందుకు చూపించావయ్యా?” అన్నాడు గిచోల్, చిరాగ్గా.

“మీరిద్దరే వచ్చారు. నా కళ్ళకి ఇద్దరే కనిపించారు,” అన్నాడు ప్యో. “ఓనరమ్మ అడిగితే నేను అదే చెప్తా. ఇంట్లో దిగాక మీకెవరు పుట్టుకొస్తే నాకేంటి? నాకు కమీషను ఇంటికి గాని మనిషికి కాదు గదా.”

వాళ్ళు సంతకం పెట్టారు. పెట్టేముందు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఓనరమ్మ పేరు బున్‌రే. డెబ్భై దాటిన మనిషి, సరిగ్గా వాళ్ళ కింద అంతస్తులోనే ఉంటుంది. ఆ మేజోళ్ళ ఆట అందుకే. పొద్దున్నే కొండమీది ఊటనీళ్ళకు సీసాలు పట్టుకుని బయలుదేరుతుంది. ఆమె సందు మలుపు తిరగగానే గిచోల్ పిల్లను చంకనేసుకుని దిగి బడిలో దింపేవాడు. సాయంత్రం ఆమె టీవీ సీరియల్ మోత మెట్లదాకా వినిపించే వేళ చూసి మిరాన్ పిల్లను పైకి తెచ్చేది. ఆమెకు చెత్త సంచులు తిరగేసే అలవాటు. ఎవరు ఏది వేరుచేయకుండా పారేశారో చూసి చీవాట్లు పెడుతుంది. అందుకని పిల్ల తాగిన పాల డబ్బాలు, బొమ్మల పొట్లాలు మిరాన్ చేతిసంచిలో వేసుకుని, తను పనిచేసే కూరల అంగడికి తీసుకుపోయి పారేసేది.

పెళ్ళయి పిల్ల పుట్టాక వాళ్ళు ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకున్నది లేదు. సోదమ్ నాన్నా, సోదమ్ అమ్మా అనే పిలుపు. కొత్త ఇంట్లో ఆ పిలుపులు మానేశారు. ఏమని పిలవాలో తెలియక, ఇదిగో అని, విన్నావా అని సరిపెట్టుకున్నారు. ఎప్పుడైనా మెట్లమీద ఎవరైనా ఎదురైతే నాన్న అనకూడదు, బాబాయ్ అనాలి అని పిల్లకు చెప్పారు. ఎందుకని అడగలేదు పిల్ల. ఒక్కసారికే నేర్చుకుంది. ఎంత తెలివైనదో అని తల్లిదండ్రులు మురిసిపోయారు. ఆ తెలివి చూసి భయపడవలసింది. పడలేదు.

బడిలో అందరూ పాడుతుంటే సోదమ్ పెదవులు మాత్రం కదుపుతోందని పంతులమ్మ చెప్పి పంపింది. కొత్త ఊరు, అలవాటవుతుందిలే అనుకున్నారు.

బున్‌రే చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనుషులవల్ల జరిగే నష్టం కంటే ఇలాంటివాళ్ళ వల్ల జరిగేదే ఎక్కువ. ఒకరోజు సాయంత్రం ఆమె ఏదో కషాయం కాచి గిన్నెతో పైకి తెచ్చింది. తలుపు చప్పుడు వినగానే సోదమ్ తనంతట తనే పరుపుల బీరువాలోకి దూరి తలుపు లాక్కుంది.

“తాగు. కడుపు పండుతుంది,” అంది బున్‌రే, ఎప్పట్లాగే గొంతు పెద్దది చేసి. “పెళ్ళయి ఎన్నాళ్ళయిందో గాని ఒక్క కాన్పూ లేదు. ఈ కాలం పిల్లలకి ఏం రోగమో. దేశంలో పిల్లలే పుట్టట్లేదట, టీవీలో ఒకటే గోల.”

మిరాన్ గిన్నె అందుకుంది. “పుడితే ఇక్కడ ఉండనిస్తారా బామ్మగారూ?”

“అప్పుడు వేరే ఇల్లు చూసుకుంటారు,” అంది బున్‌రే, అందులో అడగవలసిందేముందన్నట్టు. “ముందు కనండి.”

ఆమె వెళ్ళాక మిరాన్ కషాయం తొట్టిలో పారబోసి, బీరువా తలుపు తీసింది. పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చుని ఉంది. చేతులు తియ్యమని చెప్పేదాకా తియ్యలేదు.

తరవాత ఒక ఆదివారం మిరాన్ అంగడికి వెళ్ళింది. గిచోల్ స్నానానికి వెళ్ళాడు. పిల్లకు ఆకలేసింది. తండ్రిని కేకవేసి పిలవకూడదు గనక, తనే పొయ్యిమీద గిన్నెలో నీళ్ళు మరగబెట్టి నూడుల్స్ కప్పులో పోసుకోబోయింది.

గిచోల్ బయటికి వచ్చేసరికి నేలంతా నీళ్ళు. గిన్నె మాత్రం పొయ్యిపక్కన జాగ్రత్తగా పెట్టి ఉంది, కిందపడి మోగకుండా. పిల్ల గోడవారన కూర్చుని దిండులో మొహం దాచుకుంది. ఒళ్ళంతా వణుకుతోంది. మోకాలి నుంచి పాదం దాకా చర్మం ఎర్రగా ఉబ్బిపోయింది.

“నన్నెందుకు పిలవలేదే?”

“బామ్మకి వినపడుతుంది కదా,” అంది పిల్ల, దిండులోంచే.

తడి తువ్వాలు చుట్టి పిల్లను ఎత్తుకుని మెట్లు దిగాడు. రెండో అంతస్తులో బున్‌రే చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ఎవరి పిల్ల అని అడిగింది.

ఇక్కడ పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. కాలు కాలిన కూతురు చేతుల్లో ఉంది. ఏ తండ్రికైనా ఆ క్షణంలో ఇల్లూ అద్దే గుర్తుకు రాకూడదు. గిచోల్‌కు వచ్చాయి.

“మా అన్న కూతురండీ,” అన్నాడు.

పిల్ల మొహం తిప్పి ఓనరమ్మ వైపు చూసింది. నేర్పిన పాఠం అప్పజెప్పాలి గనక, పళ్ళు బిగబట్టి, “బాబాయ్, నొప్పి,” అంది.

ఆసుపత్రిలో వయసుమళ్ళిన డాక్టరమ్మ కాలిన చర్మం శుభ్రం చేస్తుంటే పిల్ల చొక్కా చెయ్యి కొరుక్కుంటూ పడుకుంది. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నాయి. గొంతులోంచి చిన్న చప్పుడు కూడా రాలేదు. డాక్టరమ్మ చెయ్యి ఆపింది. నొప్పిగా ఉందా అంటే తలూపింది పిల్ల. ఏడవమ్మా, ఇక్కడెవరూ ఏమీ అనరు అంటే, తండ్రి వంక చూసింది. ఈయన ఎవరని అడిగితే, ముందు తలుపు వైపు చూసి, తరవాత మెల్లగా, బాబాయ్ అంది.

డాక్టరమ్మ నర్సుచేత తలుపు వేయించింది. “కొట్టేవాళ్ళ ఇళ్ళల్లో పిల్లలు ఇలా ఏడుస్తారు,” అంది గిచోల్‌తో. “నేను పోలీసులకి చెప్పాలి. చెప్పేలోగా నువ్వేమన్నా చెప్పేదుంటే చెప్పు.”

గిచోల్ అంతా చెప్పాడు. బూజు పట్టిన గోడలు, ఇంటాయనల మాటలు, ప్యో, కిటికీలో ఎండ. పిల్లను ఎండలో పెంచాలనే ఇదంతా చేశామన్నాడు. ఆమె చివరిదాకా విని, పిల్ల కాలికి కట్టు కట్టడం పూర్తిచేసి, అప్పుడు మాట్లాడింది.

“ఊరు మిమ్మల్ని తరిమిందయ్యా, నిజమే. ఆ ఓనరు పిల్లలొద్దంది, అదీ నిజమే. వాళ్ళమీద కోపం నాకూ ఉంది. కానీ ఇవాళ్టిదాకా వాళ్ళెవరూ ఈ పిల్ల మొహం కూడా చూళ్ళేదు. నువ్వు లేవు, నీకు గొంతు లేదు, నీకు నాన్న లేడు అని దీనికి రోజూ చెప్పింది మీరిద్దరే. ఎండ దేనికి, ఆ మాట ఆరబెట్టుకోడానికా?”

డాక్టరమ్మ అంగడికి ఫోను చేయించి మిరాన్‌ను పిలిపించింది. ఆమె వచ్చి అమ్మనని చెప్పి, అదే కథ విడిగా చెప్పింది. పోలీసులకు చెప్పవలసింది చెప్పాకే పిల్లను ఇంటికి పంపారు.

మర్నాడు భార్యాభర్తలిద్దరూ కిందికి దిగి బున్‌రేకు నిజం చెప్పారు. తిడుతుందనుకున్నారు. ఆమె మొదట అడిగిన ప్రశ్న, గోడలమీద ఏమైనా గీసిందా అని.

మిరాన్‌కు అర్థం కాలేదు. “గెంతుతారనీ, గోల చేస్తారనీ కదండీ పిల్లలొద్దన్నారు?”

“గోలా? నాకు ఒక చెవి ఎప్పుడో పోయింది. రెండోది అంతంతమాత్రం. టీవీయే సరిగ్గా వినపడి చావదు. పిల్లలు వాల్‌పేపర్ మీద రంగు పెన్సిళ్ళతో గీస్తారు. పోయినసారి వాళ్ళు చేసిన పనికి రెండు గదులూ మళ్ళీ వేయించాను, తెలుసా?”

అన్ని రోజులు మునివేళ్ళమీద నడిచిన పిల్ల ఎవరి చెవి కోసం నడిచినట్టు?

బున్‌రే పైకి వచ్చి రెండు గదుల గోడలూ చేత్తో తడిమి చూసింది. ఎక్కడా గీత లేదు. ఆమె మొహం తేటపడింది. తన కాలంలో తనూ తన చిన్న కొడుకుని దుప్పటి మూటలో కట్టి అద్దె ఇంట్లోకి తెచ్చానని, అప్పట్లో అందరూ అదే చేశారని, దానికి ఇంత రాద్ధాంతం దేనికని అంది. అది చెప్పేటప్పుడు ఆమె గొంతులో సిగ్గు లేదు. ఒకప్పుడు తన బిడ్డను మూటగట్టిన మనిషే, ఇల్లు తనదయ్యాక ఇంకొకరి బిడ్డను మూటగట్టిస్తోందని ఆమెకు తట్టనైనా లేదు. కట్టు కట్టిన కాలు చాపుకుని ఒక మూల కూర్చున్న సోదమ్‌ను చూసి తల పంకించింది.

“పిల్ల మంచిదే. ఉన్నట్టే లేదు. ఉండండి, నాకేం అభ్యంతరం లేదు. ఇలాగే ఉంచుకోండి.”

గిచోల్ ఊపిరి వదిలాడు. వాళ్ళకు ఇల్లు దక్కింది. ఎండ, కిటికీ, అందుబాటులో అద్దె, అన్నీ దక్కాయి. దాచవలసిన పని కూడా లేదిక. అతను దండం పెట్టబోతుండగా మిరాన్ అడ్డుపడింది.

“ఇలాగే ఉంచమంటున్నారా బామ్మగారూ?”

“మరి? ఎంత బాగుంది, బొమ్మలా.”

“అయితే మేం ఖాళీ చేస్తాం,” అంది మిరాన్.

గిచోల్ ఆమె వైపు తిరిగాడు. ఎక్కడికి పోదామని అడగబోయి, మూల కూర్చున్న పిల్లను చూసి ఊరుకున్నాడు. ఇదేదో గొప్ప త్యాగమని ఎవరూ అనుకోనక్కర్లేదు. మొదటిరోజు చెయ్యవలసిన పని పిల్ల కాలు కాలాక చేశారు.

ప్యో తన ఆఫీసు అద్దంమీద ఆ ఇంటి కాగితం మళ్ళీ అంటించాడు. చివరి మాట కూడా మార్చలేదు. ఆ దారినపోయే చదువుకున్నవాళ్ళు, ఉద్యోగస్తులు, పిల్లలు తగ్గిపోతున్నారని ఉపన్యాసాలు విని వచ్చేవాళ్ళు, రోజూ దాన్ని చదువుతూనే ఉన్నారు. ఒక్కరికీ అందులో తప్పు కనిపించలేదు.

వాళ్ళు రైలు లైను చివరి ఊళ్ళో, టైర్ల దుకాణం వెనక నేలమీదున్న ఇంట్లో దిగారు. గిచోల్ చీకటితో లేచి బయలుదేరితే గాని పనికి అందుకోలేడు. రైల్లో నిలబడే కునికిపాట్లు పడతాడు. ఇంటాయన టైర్లు బిగిస్తూ రోజంతా అరుస్తూనే ఉంటాడు. ఎంతమంది పిల్లలని అడగలేదు. సామాను దింపాక మిరాన్ పిల్లను గది మధ్యలో నిలబెట్టి, నీ ఇష్టమొచ్చినట్టు గెంతు, కేకలెయ్యి, పాడు అంది.

సోదమ్ నాలుగు గోడలూ చూసింది. పైకప్పు చూసింది. తరవాత తల్లి దగ్గరకొచ్చి, చెవిలో అడిగింది.

“ఇక్కడ ఎవరికి వినపడకూడదు?”

మిరాన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గిచోల్ పిల్ల ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు. ఎవరికీ భయపడక్కర్లేదని, అందరికీ వినపడాలని, తను బాబాయ్ కాదని, నాన్ననని చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు. పిల్ల బుద్ధిగా తలూపింది, చప్పుడు లేకుండా.

ఆ గొంతు ఎప్పటికి తిరిగివస్తుందో ఎవరూ చెప్పలేరు. ఇల్లు అద్దెకిచ్చేవారూ, ఇప్పించేవారూ, తీసుకునేవారూ ఒక్క సంగతి తెలుసుకుంటే చాలు: బిడ్డను లేనట్టు ఉంచితే తప్ప దొరకని ఇల్లు, ఎంత చవకగా దొరికినా, ఏ తల్లీ ఏ తండ్రీ భరించలేనంత ఖరీదు.