పళ్ళెం మీద మూత

పళ్ళెం బరువుగా ఉంది. కరుణ దాన్ని రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని నడుస్తోంది, ఎక్కడికో తెలియదు, నడుస్తున్నది మాత్రం తమ సంఘం ఆరాధన హాల్లోనే, ఎందుకంటే అవే తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు, అదే పెచ్చులూడిన గోడ, కానీ గోడ నిండా ఎవరో రంగు కాగితాలు కట్టేశారు, క్రిస్మస్‌కి నక్షత్రం కూడా వేలాడదీయని సంఘంలో ఇదెవరి పనో అర్థం కాదు. పళ్ళెం మీద స్టీలు మూత ఉంది. ఆమె అడుగేసినప్పుడల్లా మూత కింద ఏదో మెల్లగా దొర్లుతోంది.

"తియ్యకమ్మా," అంటారు సంఘ పెద్ద జ్ఞానోత్తంగారు, ప్రసంగం బల్ల వెనక నుంచి. "లోపల ఏముంటుందో నీకు తెలుసు కదా."

తెలుసు. ఆయన ఎప్పుడూ చెప్పేదే. లేఖనాల్లో పుట్టినరోజు విందులు రెండే ఉన్నాయి, రెండూ రాజులవే, ఒక విందుకి రొట్టెలు చేసేవాణ్ణి ఉరితీశారు, ఇంకో విందుకి ప్రవక్త తల నరికి పళ్ళెంలో పెట్టి తెచ్చారు, కాబట్టి మనకి పుట్టినరోజులు లేవు. నిరుడు సరిగ్గా కూతురు బ్యూలా పుట్టినరోజునాడే కరుణ భర్త నెహెమ్యా కాలవగట్టు మలుపులో స్కూటర్ మీంచి పడి చనిపోయాడు. ఆ తర్వాత జ్ఞానోత్తంగారు పుట్టినరోజుల సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఎత్తనక్కర్లేకపోయింది. ఇవాళ మళ్ళీ అదే తేదీ. పొద్దున జడ వేయించుకుంటూ బ్యూలా ఒక్కసారే అడిగింది, "ఈసారి కూడా వద్దా అమ్మా?" అని. కరుణ రెండో జడ అల్లడం మొదలుపెట్టింది. ఉన్నది ఆ ఒక్క పిల్ల.

కుర్చీలు కదులుతాయి, హాలు పొడుగ్గా సాగి పెళ్ళి పందిరంత అవుతుంది, అటూ ఇటూ పంక్తిలో విస్తళ్ళు, విస్తళ్ళ ముందు మేడ మీదుండే అనసూయమ్మగారు, పక్కవాటాలో ఉండే మహబూబ్ బీ.

"ఏంటే కరుణా, మూతేసి తెస్తున్నావు, పులిహోరా?" అంటుంది అనసూయమ్మ.

"కేకేమో," అంటుంది మహబూబ్ బీ.

"కేకైతే మంచిదే గానీ, కొవ్వొత్తులు ఊదించకే. మేం జన్మనక్షత్రం చూసుకుని, పిల్లకి తలంటి, గుళ్ళో దీపం పెట్టిస్తాం. పుట్టినరోజు పూట వెలిగే దీపాన్ని ఉఫ్ మని ఆర్పడమేంటో, నా బుర్రకెక్కదు."

"మా మామ అసలు కేకే ఇంట్లోకి రానివ్వడు. మన పద్ధతి కాదంటాడు. పిల్లాడి పుట్టినరోజున సేమ్యా పాయసం చేస్తే మాత్రం రెండు గిన్నెలు లాగించేస్తాడు. అదేంటి మామా అంటే, ఇది పుట్టినరోజుది కాదు, శుక్రవారంది అంటాడు."

"పోయినసారి మంగళవారం వచ్చింది కదే?"

"నోటి నిండా సేమ్యా ఉన్న మనిషిని వారం ఏం అడుగుతాం?"

ఇద్దరూ విరగబడి నవ్వుతారు, నవ్వుతూనే ఇద్దరి చేతులూ ఒకేసారి మూత మీదికి వస్తాయి, కరుణ ఒక్క ఉదుటున వెనక్కి జరుగుతుంది. "ముట్టుకోవద్దు!"

"ఎందుకే అంత భయం? చావు జరిగిన ఇంట్లో మేమూ ఏడాదిపాటు పండగలు చేసుకోం. నీ ఏడాది ఇవాళ్టితో తీరిపోయిందిగా," అంటుంది అనసూయమ్మ, కానీ ఆ మాట పూర్తయ్యేసరికి ఆమె లేదు, మహబూబ్ బీ లేదు, పంక్తి చివర ఒక్క విస్తరి, దాని ముందు నీలం చొక్కాలో నెహెమ్యా.

అతను అన్నం ముట్టుకోలేదు. ఎడమ చేతి చూపుడువేలికి ఎరుపూ తెలుపూ మెలేసిన సన్నటి దారం బిగుసుకుపోయి ఉంది, వేలు నల్లబడుతోంది.

"కూచో కరుణా."

"కూచోను. ముందు ఒకటి చెప్పండి. మీరు పనిచేసే సబ్‌స్టేషన్ ఊరికి ఇటు, కాలవగట్టు అటు. ఆ రోజు అక్కడ మీకేం పని? ఏడాదిగా కనపడ్డవాళ్ళనల్లా అడుగుతున్నాను, ఒక్కరూ చెప్పరు."

"ముందు ఈ దారం విప్పు. వేలు కోసుకుపోతోంది."

ఆమె దారం వెంట చూస్తుంది, అది అతని వేలి నుంచి విస్తరి మీదుగా పాకి, ఆమె చీర కుచ్చిళ్ళ మీదుగా ఎక్కి, తిన్నగా తన చేతిలో ఉన్న మూత కిందికే వెళ్తోంది.

"మూత తియ్యి," అంటాడతను.

"మీరేనా ఈ మాటనేది? మహబూబ్ బీ మరిది మన బ్యూలాకి కేకు ముక్క పెడితే, చేతిలోంచి తీసి వెనక్కిచ్చేసిన మనిషి మీరు."

"ఇచ్చేశాను. అది ఏడవలేదు, చూశావా? ఏడ్చుంటే నేను మర్చిపోయేవాణ్ణి. వేళ్ళకంటిన క్రీము నేను చూస్తానేమోనని గౌనుకి తుడిచేసుకుంది."

"అయితే కేకు కొనడానికే వెళ్ళారా? పుట్టినరోజు చెయ్యబోయే పోయారా? జ్ఞానోత్తంగారు చెప్పిందే నిజమన్నమాట."

"ఎవరో ఇల్లు కట్టుకుంటూ రోడ్డు మీద ఇసుక పోశారు. ఇసుకకి పుట్టినరోజులు తెలుస్తాయా కరుణా?"

ఇసుక అనగానే కాళ్ళ కింద ఇసుక, పందిరి లేదు, కాలవ, మలుపు, ఎక్కడో స్కూటర్ చప్పుడు దగ్గరవుతోంది, ఎదురుగా బ్యూలా, పొద్దున వేసిన జడలతో, మునివేళ్ళ మీద నిలబడి మూత అంచు పట్టుకుంది.

"అమ్మా, ఇది నాదేనా?"

"తియ్యనివ్వకు!" వెనక నుంచి జ్ఞానోత్తంగారి కేక.

కరుణ మూతని బలంగా నొక్కి పడుతుంది, నొక్కేకొద్దీ దారం బిగుస్తుంది, నెహెమ్యా వేలి నుంచి ఒక్క రక్తపు చుక్క ఇసుకలోకి జారుతుంది. అతను అరవడు. "తొందరగా," అంటాడంతే. మూత పట్టుకుంటే వేలి ముడి విప్పడం కుదరదు, ముడి విప్పాలంటే మూత వదలాలి, స్కూటర్ మలుపులోకి వచ్చేసింది, బ్యూలా ముఖం మూత వైపు వంగుతోంది. మూత కింద ఉన్నది ఆ ముఖమే అయితే? కళ్ళు గట్టిగా మూసుకుని కరుణ మూత మీంచి చెయ్యి తీసేస్తుంది, గోళ్ళతో ముడిని పట్టుకుంటుంది, మూత లేస్తున్న చప్పుడు వినిపిస్తుంది...

ఫ్యాను ఆగిపోయి ఉంది. కరెంటు ఎప్పుడు పోయిందో, దిండు చెమటతో తడిసిపోయింది. ఆరాధన నుంచి వచ్చి, ఇంత తిని, నడుం వాల్చినట్టు గుర్తు. బయట ఎండ ఇంకా తగ్గలేదు.

"బ్యూలా!"

గదిలో లేదు, వంటింట్లో లేదు. చెప్పుల్లేకుండానే వరండాలోకి పరిగెత్తింది.

పిల్ల వాళ్ళ నాన్న స్కూటర్ మీద కూచుని ఉంది. మెకానిక్ తెచ్చి అప్పగించిన రోజున కరుణ కళ్ళు పక్కకి తిప్పుకుని కప్పేసిన దుప్పటి, కింద కుప్పగా పడి ఉంది. బ్యూలా గబుక్కున దిగిపోయింది.

"ఊరికే కూచున్నానమ్మా. ఏం పాడుచెయ్యలేదు." దుమ్మంటిన చేతులు గౌనుకేసి తుడిచేసుకుంటోంది.

కరుణ చూపు పిల్ల మీద లేదు. హ్యాండిల్ కింద సంచీ తగిలించే కొక్కేనికి ఒక దారం ముక్క వేలాడుతోంది. ఎరుపూ తెలుపూ మెలేసిన సన్నటి దారం, కాలవగట్టు బేకరీలో కేకు పెట్టెలకి కట్టేది. ఒక కొస పుటుక్కున తెగి ఉంది. రెండో కొస రెండు ముళ్ళు వేసి ఉంది, జారిపోకుండా, జాగ్రత్తగా.

ఆమె వంగి ముడిని వేలితో తడిమింది. విప్పలేదు.

"చేతులు అలా తుడుచుకోకు," అంది. "కడుక్కునిరా. చెప్పులేసుకో."

"ఎక్కడికమ్మా?"

"కాలవగట్టు మీదికి."