అవ్వ దాచిన అయిదు వందల డాలర్లు

జెద్దాలో ముప్ఫై ఏళ్లుగా బండి తోలుతున్న బాబ్‌జాన్‌కు ఒక పాడు అలవాటుంది. ఎవరు ఎదురైనా సరే, వాళ్ల దేశపు డబ్బు రియాల్‌కు ఎంతో తెలిస్తే గానీ మనిషి విలువ తేల్చడు. ఎక్స్ఛేంజి దుకాణం ముందు సిగ్నల్ పడితే చాలు, మెడ సాచి రేట్ల బోర్డు చదువుతాడు. రూపాయి పడిపోయిందంటే ఆ పూట ఇంట్లో బిర్యానీ. సొంత దేశం డబ్బు చితికితే పండగ చేసుకునేది మన గల్ఫ్ వాళ్లేనేమో!

అలాంటివాడికి కూతురు ఎలాంటి సంబంధం తెచ్చిందో చూడండి. అఫ్షాన్ ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తుంది. అక్కడే యంత్రాలు బాగుచేసే నౌమాన్‌ను చేసుకుంటానంది. అతనిది హైతీ. అమెరికా పక్కన సముద్రంలో ఒక దీవి, దాని పడమటి ముక్క హైతీ, తూర్పు ముక్క డొమినికన్ రిపబ్లిక్. చదువుకునే రోజుల్లోనే ఇస్లాం పుచ్చుకున్నాడు. నెమ్మదస్తుడు, నమాజు తప్పడు. బాబ్‌జాన్‌కు అన్నీ నచ్చాయి, రేటు ఒక్కటి తప్ప. హైతీ డబ్బు రియాల్‌కు ముప్ఫై అయిదు గూర్డ్‌లని ఫోన్లో చూసిన దగ్గర్నుంచి పాపం ముద్ద దిగలేదు.

అయినా కూతురి మొహం చూసి, భార్య సురయ్యా పోరు పడలేక, సరేనన్నాడు. నికా సొంతూరు రాయచోటిలో. పెళ్లికొడుకు పెళ్లికూతురికి ఇస్తానని ఒప్పుకునే మహర్ ఎంత రాయాలో చెప్పమని అక్కడి ఖాజీ ఫోన్ చేశాడు. అది తేల్చుకోవడానికే శుక్రవారం నౌమాన్‌ను భోజనానికి పిలిచారు.

“పదివేల రియాళ్లు,” అన్నాడు నౌమాన్ అరబ్బీలో. బాబ్‌జాన్ మొహం విప్పారింది. పలావు ఇంకో గరిటె వడ్డించమన్నాడు.

“దాంతోపాటు ఇంకో మాట రాయించాలి, మామా.” మామా అన్న పిలుపు అఫ్షాన్ నేర్పిందే. “అయిదు వందల హైతీ డాలర్లు. మా అమ్మ కోరిక.”

“హైతీకి డాలరెక్కడిది?”

“లేదు. నోటు లేదు, బిళ్ల లేదు. అయిదు గూర్డ్‌లను ఒక డాలరని మావాళ్లు అంగట్లో లెక్కేసుకుంటారు, అంతే.”

బాబ్‌జాన్ మనసులోనే గబగబా భాగించాడు. ఆ అయిదు వందలూ కలిపితే డెబ్బై రియాళ్లు! మొహం మాడిపోయింది.

నౌమాన్ అది గమనించి చెప్పుకొచ్చాడు. “మా అవ్వ కాలంలో అది ఉట్టి లెక్క కాదు. అయిదు గూర్డ్‌లిస్తే అమెరికా డాలర్ చేతికొచ్చేది. డెబ్బై ఏళ్లకు పైగా ఆ రేటు కదల్లేదు. అవ్వ సరిహద్దు అంగడిలో వెల్లుల్లి అమ్మి, పుట్టబోయే మనవడి పెళ్లికని అయిదు వందల డాలర్ల గూర్డ్‌లు దాచింది. అప్పట్లో పక్క దేశపు పెసో డాలర్‌తో సమానం. అందులోకి మార్చుకోమని అందరూ చెప్పినా అవ్వ వినలేదు. తర్వాత పెసో కూడా పడింది లెండి, ఇప్పుడు డాలర్‌కు అరవై. మా గూర్డ్ అయితే నూట ముప్ఫై. అవ్వ మాత్రం పోయేదాకా నా దగ్గర అయిదు వందల డాలర్లున్నాయనే అంది. ఆ నోట్లు అమ్మ దగ్గరున్నాయి. అవ్వ లెక్కలోనే అఫ్షాన్‌కు ఇవ్వాలని అమ్మ ఆశ.”

“లేని డబ్బును ఖాజీ చేత చదివిస్తే రాయచోటంతా నవ్వి పోతుంది,” అన్నాడు బాబ్‌జాన్. “ఆ మాట తీసెయ్. లేకుంటే ఈ సంబంధమే వద్దు.”

నౌమాన్ తల వంచుకున్నాడు. “అది తీసేసి మా అమ్మకు మొహం చూపించలేను, మామా,” అని చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. అఫ్షాన్ కంచం తీసుకుని వంటింట్లోకి పోయింది. ఏడుపు బయటికి వినబడుతూనే ఉంది. బాబ్‌జాన్‌కు వెనక్కి పిలవాలనే ఉంది, కానీ పౌరుషం ఒప్పుకోవద్దూ?

సురయ్యా వచ్చి ఎదురుగా కూర్చుంది. “మన నికాలో మహర్ ఏం చదివినారో గుర్తుందా?”

“ఎందుకు లేదు? అయిదు వేల రూపాయలు, రెండు సుర్ఖ్ దీనార్లు.”

“దీనారు ఎట్లుంటాది?”

బాబ్‌జాన్ బుర్ర గోక్కున్నాడు. తనకూ అదే చదివారు, వాళ్ల నాయనకూ అదే. ఎవరూ చూసింది లేదు. “ఏమోమే. ఎప్పటి కాలం బంగారు బిళ్లో. ఊరికే ఆచారానికి చదువుతారు.”

“నాకు ఊరికే కాదు,” అంది సురయ్యా. గొంతు పెంచలేదు. “ముసుగులో కూర్చోని ఆ మాట విని, ఈయన నాకు బంగారమిస్తాడంట అని మురిసిపోయినా. చానా ఏండ్లు చూసినా. అడిగితే ఏమనుకుంటావో అని అడగలేదు. ఆ పిలగాని అవ్వ, లేని డాలర్లను ఉన్నాయని దాచుకునింది. నువ్వు ఉన్న బంగారాన్ని లేదని మర్చిపోయినావు.”

ఆమె లేచి కూతురి దగ్గరికి పోయింది. బాబ్‌జాన్‌కు తల కొట్టేసినట్టయింది. లోకంలోని డబ్బులన్నిటి రేట్లూ నోటికి చెప్పే మనిషి, దీనారు రేటెంతో ఒక్కనాడైనా కనుక్కున్నాడా? సిగ్గుతోనే నౌమాన్‌కు ఫోన్ చేశాడు.

“ఎక్కడున్నావు?”

“కిందే, కార్లో,” అన్నాడు నౌమాన్.

“పైకి రా. అన్నం సగంలో వదిలేశావు.”

వచ్చాడు. బాబ్‌జాన్ తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. వంటింటి గుమ్మంలో తల్లీకూతుళ్లు నిలబడి చూస్తున్నారు.

“అయిదు వందల హైతీ డాలర్లు. రాయిస్తాను, ఖాజీతో గట్టిగా చదివిస్తాను,” అన్నాడు. “కానీ ఆ నోట్లు పెళ్లినాడే, ఖాజీ లేవకముందే, పిల్ల చేతిలో పెట్టు. తర్వాత ఇద్దాంలే అనుకున్నావా, అది అట్లే ఉండిపోతుంది. ఆడమనిషి అడగదు.”

మాటలన్నీ అరబ్బీలోనే అయినా, ఆ చివరివి మాత్రం భార్య చెవిన పడకూడదని గొంతు బాగా తగ్గించి అన్నాడు. ముప్ఫై ఏళ్లుగా జెద్దాలో కాపురముంటున్న సురయ్యాకు అరబ్బీ బాగానే వచ్చు, చెవులూ బాగానే వినబడతాయి.