బాల్కనీలో టీవీ

పెయింట్ షాపులో రంగులు కలిపే ఆయనకు ఒక చాదస్తం ఉంది. ఎంత చక్కటి రంగునైనా వేలిగోరు మీద రాసుకుని, గుమ్మంలోకొచ్చి, పగటి వెలుతురులో తిప్పి తిప్పి చూసి, "అర చుక్క ఎక్కువైంది" అంటాడు. షాపులో దాన్ని పనితనం అంటారు. ఇంట్లో మాత్రం ప్రాణసంకటం. ఎందుకంటే ఆయన భార్య బట్టలకు రంగులద్దుతుంది. పద్దెనిమిదేళ్లుగా తీసిన ప్రతి రంగునూ గుమ్మంలోకి తెచ్చి చూపిస్తూనే ఉంది, ఆ అర చుక్క మాటే వింటూనే ఉంది. ఆ నోటి వెంట బాగుందన్న మాట ఒక్కసారి వినాలని ఆవిడ ఆశ. ఏం, గొంతెమ్మ కోరికా అది?

ఆవిడ తీసిన కొత్త నీలం ఈసారి ఏకంగా టీవీవాళ్లకే నచ్చింది. వచ్చి చిత్రీకరించుకుపోయారు. ఈ సాయంత్రం ఐదింటికి రెండు నిమిషాలు చూపిస్తారట.

"నీ రంగు సరిగ్గా కనబడొద్దూ? ఈ టీవీలో వార్తలు చదివేవాడు కామెర్లొచ్చినట్టున్నాడు" అంటూ ఆయన మధ్యాహ్నమే రిమోట్ అందుకున్నాడు. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరిస్తే కాంట్రాస్టూ, టింటూ, గామా అంటూ బోలెడు. గంటసేపు కుస్తీ పట్టాక తప్పెక్కడుందో తట్టింది. షేడును ఇంట్లో చూస్తున్నాం! ఇంకేముంది, టీవీని గోడ మీంచి ఊడదీసి బాల్కనీలోకి మోసుకొచ్చాడు.

"అల్లుడుగారూ, ఎండలో బొమ్మే కనబడట్లేదు" అంది అత్తగారు.

"కాస్త ఓపిక పట్టండి" అని వెలుగు నూటికి పెంచాడు. చిత్రీకరణ రోజు కప్పుకున్న నీలం శాలువానే భార్యకు కప్పి, టీవీ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాడు. తెలుపు పోల్చుకోవడానికి అత్తగారి తల, నలుపుకు ఆవిడ చేతిలో గొడుగు. ఎదురింటివాళ్లు కుర్చీలు తెచ్చుకుని మరీ చూస్తున్నారు.

"నేనేమన్నా శాంపిలునా?" అంది భార్య.

"కదలకే, షేడు మారిపోతోంది!"

ఐదైంది. తెర మీద ఆవిడ ప్రత్యక్షమైంది. అక్కడా ఇక్కడా ఒకటే నీలం! ఆయన ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

మైకు పట్టుకున్న అమ్మాయి అడిగింది: "మొదటి మెప్పు ఇంట్లోనే దొరికుంటుంది కదండీ?"

తెర మీది భార్య నవ్వబోయి ఆగింది. "మావారు రంగు చూడ్డంలో గట్టివారండీ. ఆయనకు నచ్చే రంగు తీయడం ఇంకా నా వల్ల కాలేదు."

"కళ్లు ఎర్రగా వస్తున్నాయేంటి?" అని ఆయన గబగబా ఎరుపు రెండు మెట్లు తగ్గించాడు. పోలేదు. ఇంకో పది తగ్గించాడు. మొహం పచ్చబడింది, శాలువా పచ్చబడింది, కళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. పోల్చుకుందామని పక్కకు తిరిగాడు. స్టూలు మీద భార్య కళ్లూ ఎర్రగానే ఉన్నాయి. మంచి పగటి వెలుతురు, తప్పు చూశాననడానికి లేదు. ఆయనకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"బాగుందే" అన్నాడు, రిమోట్ పక్కన పెట్టి.

"టీవీలోనా?"

"కాదే. నీ ఒంటి మీద. ఇదొక్కటే కాదు, నీ రంగులన్నీ బాగుండేవి. చెప్పడానికే నాకు నోరు రాలేదు."

ఆవిడ స్టూలు దిగి టీవీ కట్టేసింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మళ్లీ అనండి" అంది. "ఈసారి ఎదురింటివాళ్లకు కూడా వినబడాలి."