డబ్బాలో మిగిలిన కొవ్వు

పిన్ని రిపోర్టులో, చంకలో ఐదు గ్రంథులు చూశామనీ ఒక్కదానిలోనూ కేన్సర్ లేదనీ ఉంది. బాబాయిని మా ఇంట్లో రేడియో అంటాం. సాయంత్రానికల్లా వీధి వీధంతా తెలిసిపోయింది. కేన్సరని రొమ్ము తీసేసిన దగ్గర్నుంచి కంటిమీద కునుకు లేని పిన్ని, ఆ రాత్రి గురకపెట్టి నిద్రపోయిందట.

నాకు మాత్రం ఆ ఐదు మింగుడు పడలేదు. నేను అదే ఆసుపత్రి ల్యాబులో, ఆపరేషన్లలో తీసిన ముక్కల్ని పరీక్షించి జబ్బు తేల్చే పెథాలజిస్టుని. చుట్టాల ముక్కలు మేము ముట్టుకోకూడదు కాబట్టి పిన్నివి నా జూనియర్ చూసింది. చంకలోంచి తీసిన కొవ్వులో గ్రంథులు వాటంతటవి కనబడవు. వేళ్ళతో నలుపుతూ, కందిగింజలా గట్టిగా తగిలినదాన్నల్లా ఏరాలి. కనీసం పదైనా చూడాలి. ఐదే చూసి ఏమీ లేదనడమంటే సగం ఇల్లు ఊడ్చి చేతులు దులుపుకోవడమే. జబ్బు ఎన్ని గ్రంథులకు పాకిందో చూసే మనిషి ఎన్నాళ్ళు బతకవచ్చో అంచనా వేస్తారు. మందు ఇవ్వడమూ దాన్ని బట్టే.

మిగిలిన కొవ్వును కుళ్ళిపోకుండా కొన్నాళ్ళు ఫార్మలిన్ మందు పోసిన డబ్బాలో ఉంచి, తర్వాత పారేస్తాం. బాబాయికి ఫోన్ చేసి మళ్ళీ వెతికిస్తానన్నాను.

"లేదన్నారు కదమ్మా. కొరివితో తల గోక్కోవడం ఎందుకు?"

నాకు ఒళ్ళు మండింది. "గోక్కోకపోతే కొరివి ఆరిపోతుందా బాబాయ్?"

మర్నాడు జూనియర్‌ని ఆ డబ్బా ముందు కూర్చోబెట్టాను. నేను చెయ్యి పెట్టకూడదు. అందుకని పక్కనే స్టూలేసుకుని, అక్కడ నలుపు, ఇంకా నలుపు అంటూ ఆ అమ్మాయి ప్రాణం తీశాను. ఇంకో తొమ్మిది దొరికాయి. రెండు రోజులకి స్లైడ్లు తయారయ్యాక మైక్రోస్కోపులో చూస్తే రెండింటిలో కేన్సర్ ఉంది. నా అనుమానమే నిజమైనందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళేసరికి పిన్ని మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతోంది. దాచకుండా చెప్పేశాను.

"నాలుగు రోజులు హాయిగా నిద్రపోతే నీకు కళ్ళు కుట్టాయేం," అంది. చేతిలో చీర మడతపెట్టి పక్కన పెట్టి అడిగింది. "ఎన్నాళ్ళంటావ్?"

"అది వందమందిని కలిపి వేసే లెక్క పిన్నీ. మందు వాడితే ఇలాంటివాళ్ళలో చాలామంది ఏళ్ళ తరబడి బాగుంటారు. వాడకపోతే తిరగబెట్టే భయం ఎక్కువ. నీ ఒక్కదాని సంగతి ఏ లెక్కా చెప్పలేదు."

"అయితే వాడతాను."

బాబాయి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"సరే గానీ," అంది పిన్ని, "నేను నీ పిన్నిని కాకపోతే ఆ డబ్బా మళ్ళీ తీయించేదానివా?"

అబద్ధం చెప్పాలనిపించింది.

"లేదు పిన్నీ."

"అలాంటి డబ్బాలు ఇంకా ఉన్నాయా అక్కడ?"

"ఉన్నాయి."

"రేపు డాక్టరు దగ్గరికి నన్ను మీ బాబాయి తీసుకెళ్తాడు. నువ్వెళ్ళి ముందు వాటి సంగతి చూడు."