తవిటయ్య ఎవరి కొడుకు?

శుభలేఖలు సగం పంచాక పెళ్లికొడుకు వెంకట్ నాయనమ్మ లక్ష్మీకాంతమ్మకి అనుమానం వచ్చింది. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా! కోడూరులో వాళ్లింట్లో కాఫీ తాగుతూ, పెళ్లికూతురు వినీల తండ్రి పిచ్చేశ్వరరావు తన తాత పేరు తవిటయ్యనీ, ఆయన బందరులో పుట్టాడనీ నోరు జారాడు. అంతే, లక్ష్మీకాంతమ్మ గ్లాసు కింద పెట్టేసింది.

"మా మామగారి తమ్ముడూ తవిటయ్యేనండీ. బందరులో పక్కింటి లంకేవాళ్లు పెంచుకున్నారంట. మీ తాత ఆయనే అయితే మీరు పేరుకే లంకేవాళ్లు, పుట్టుకకి మా మోకా వారే. పిల్లలిద్దరూ అన్నాచెల్లెళ్లవుతారు."

మూడేళ్లుగా ప్రాణంగా చూసుకుంటున్న వెంకట్‌ని అన్నయ్యా అనాలా? తండ్రి కాదంటాడని వినీల ఆశగా చూసింది.

ఆయన తల దించుకున్నాడు. "మా తాత తనని పెంచిన వీరలక్ష్మిని అత్తా అనేవాడంటండీ. అమ్మా అన్నది పక్కింటి కనకదుర్గమ్మనే."

"ఆవిడే మా ముసలమ్మ, మా మామగారి తల్లి!" అంది లక్ష్మీకాంతమ్మ. "మీ తాత లంకేవాళ్ల కడుపునే పుట్టినట్టు కాగితం చూపించండి. లేదంటే శుభలేఖలు వెనక్కి తీసుకోండి."

గుడివాడ తిరిగొచ్చే బస్సులో వినీల తండ్రి మీద విరుచుకుపడింది. "ఆ ముక్క చెప్పకపోతే ఏం పోయేది నాన్నా?"

"అబద్ధం మీద తాళి కట్టించమంటావా?" అన్నాడాయన.

సోమవారం బందరు మునిసిపల్ ఆఫీసులో అందరూ కలిశారు. గుమాస్తా తెచ్చిన పాత జనన మరణాల పుస్తకాలు ముట్టుకుంటే పొడి రాలుతున్నాయి. వినీల వేలు పెట్టి వరసలు చదివింది. లంకే పోతయ్య, వీరలక్ష్మి దంపతులకు ఆడపిల్ల. వాళ్లకి సొంత బిడ్డలున్నారని ఆమెకి ప్రాణం లేచొచ్చింది. మరణాల పుస్తకంలో అదే పిల్ల కనిపించింది. ఆ తర్వాత మగపిల్లవాడు, వాడూ పోయాడు. మళ్లీ ఆడపిల్ల, అదీ దక్కలేదు.

"చూశారా, పిల్లలు దక్కనివాళ్లేగా పక్కింటి బిడ్డని తెచ్చుకునేది!" అంది లక్ష్మీకాంతమ్మ. వెంకట్ మొహం పాలిపోయింది. వినీల చేతిని పట్టుకున్న వాడి చెయ్యి మెల్లగా జారిపోయింది. అది చూసి వినీలకి ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. పేజీ చిరిగిపోతుందేమోనన్న జాగ్రత్త కూడా లేకుండా తిప్పేసింది.

లంకే పోతయ్య, వీరలక్ష్మి. మగపిల్లవాడు. పేరు తవిటయ్య.

వినీల పైకి చదివింది. మళ్లీ చదవమని వెంకట్ అడిగాడు. మళ్లీ చదివింది.

లక్ష్మీకాంతమ్మ నుదురు కొట్టుకుంది. "పేరులోనే ఉందిరా, నా బుద్ధి గడ్డి తిన్నది! వరసగా బిడ్డలు పోతుంటే, పుట్టినవాణ్ణి పక్కింటికి చేటెడు తవుడుకి ఉత్తుత్తినే అమ్మి, మళ్లీ తామే పెంచుకునేవాళ్లు. వీడు మా బిడ్డ కాదు, మాకేం కాడు అని యముడికి నమ్మకం కలగాలిగా! అందుకే కొన్నావిడ అమ్మ, కన్నావిడ అత్త. ఆ వీరలక్ష్మి యముడికి అబద్ధం చెప్పి, సర్కారుకి మాత్రం నిజం రాయించింది. గట్టిది!"

వెంకట్ పెద్దగా నవ్వేశాడు. మళ్లీ చెయ్యి చాపాడు గానీ వినీల వెంటనే అందివ్వలేదు. కాసేపు ఉడకనీ అనుకుంది. పెళ్లి మాత్రం నిలబడింది, ఆమెకి ఒళ్లంతా తేలికైంది.

పిచ్చేశ్వరరావు ఒక్కడే నవ్వలేదు. ఆ వరస మీదే చూపు నిలిపి కూర్చున్నాడు.

"ఏంటి నాన్నా?"

"మా తాత బతికినంతకాలం ఈ వీరలక్ష్మిని తలుచుకుంటే అత్తా అనే అన్నాడమ్మా. పోయే రోజు మాత్రం కళ్లు తెరిచి, అమ్మా అని పిలిచాడు. కనకదుర్గమ్మ గుర్తొచ్చిందనుకున్నాం."

లక్ష్మీకాంతమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"యముడొచ్చి ఎదురుగా నిలబడ్డాక, ఇంక దాచేదేముందయ్యా? కన్నతల్లినే పిలిచాడు."