ఎస్తేరు తొలిపద్యము

హేమంతారంభమున అమెరికా దేశపు ఈశాన్యదిశయందలి వెర్మాంటు పర్వతములు పత్రవిహీనవృక్షపరివృతములై ధూసరమేఘావకుంఠితశిఖరములై యుండ ఉదయభానుడు మంచుతెరచాటున వ్యాధిపీడితుని వదనమువలె వెలవెలబోవుచుండెను. ఆ గిరిపాదమున శతహస్తగంభీరమైన రాతిగని యొకటి నోరు తెరచికొని యుండెను.

ఆ గనికి అధికారి సైలసు కార్విను. ముప్పది సంవత్సరముల శిలాధూళిచే మందగించిన దృష్టి గలవాడగుటచే ప్రతి శుక్రవారమును ఉదయాహారానంతరము తన యేకపుత్రియగు ఎస్తేరుచేత ఊరి వారపత్రికను చదివించుకొనుట ఆయనకు నియమము. మాతృహీనయు మితభాషిణియు పదునెనిమిదేండ్ల ప్రాయముగలదియు నగు ఆ కన్య కాలాంతరమున దేశమెల్ల కొనియాడు కవయిత్రి కానున్నదని అప్పటికి ఎవ్వరును ఎరుగరు.

గడచిన మాసమున గని తూర్పుగోడనుండి శిలాఖండ మొకటి విరిగిపడి ముగ్గురు కూలీలు మృతినొందిరి. అది దైవికమని విచారణాధికారులు నిర్ణయించిరి. కాని అంతకు ముందు వారమున తండ్రి భోజనపు బల్లకడ తనలో తాననుకొనుచున్నట్లు "తూర్పుగోడ బీటవారినది. అయినను మంచు గడ్డకట్టులోగా పని ముగియవలయును" అని పలికిన పలుకు ఎస్తేరు చెవిని పడియుండెను. ఆ పలుకు ఆమెను నిద్రింపనీయలేదు. ఏలయన ఆ గోడ క్రిందనే ఇప్పటికిని నలువదియొక్కరు పనిచేయుచుండిరి. తుదకామె దానిని పద్యముగా రచించి మారుపేరుతో పత్రికకు పంపెను. అచ్చగునని మాత్రము నమ్మలేదు.

ఆ శుక్రవారమున మూడవపుట త్రిప్పినంతనే తన పద్యము కనబడగా ఆమె చదువుట ఆపెను.

"ఏల నిలిచితివి అమ్మాయీ? చదువుము" అనెను సైలసు.

"ఇచట ఒక పద్యము మాత్రమే యున్నది నాయనగారూ. మీకు పద్యములయందు ప్రీతి లేదు గదా."

"లేకున్న నేమి? నేడు విందును."

అక్షరములు చీమలబారువలె కన్నులయెదుట ప్రాకజొచ్చెను. నాలుగు పాదములు విడిచి చదివినను చూపు చాలని తండ్రి కనిపెట్టజాలడని భయము ఆమెకు బోధించెను. అది బోధించుచుండగనే గనినుండి సుత్తుల చప్పుడు గాలిలో తేలివచ్చెను. అది విని ఎస్తేరు ఒక్క పాదమైనను విడువక బీటను గాంచిన కన్నులను గూర్చియు పని సాగింపుడన్న నోటిని గూర్చియు తాను వ్రాసినదంతయు కంపితస్వరమున చదివి ముగించెను.

సైలసు "బీట మాట నేనీ యింట తప్ప ఎచటను పలికియుండలేదు" అనెను.

ఎస్తేరు "నేనే వ్రాసితిని" అనెను.

ఆయన లేచెను. "నా అంగీ తెమ్ము. ఈ మంచులో నాకు త్రోవ కానరాదు. నీవు ముందు నడువుము."

ఆయన చేయి పట్టుకారువలె ఆమె భుజమును పట్టియుండెను. ఎచటికని ఆమె అడుగలేదు. ఆయన చెప్పలేదు. గనియంచుననున్న సన్నని కాలిబాటపై అడుగిడినప్పుడు ఒకప్రక్క అగాధమును గాంచి ఆ చేయి ఒక్కింత త్రోసినచో ఏమగునను తలపు ఎస్తేరునకు కలిగెను. కన్నతండ్రిని గూర్చి అట్టి తలపు కలిగినందులకు మరింత భీతిల్లెను.

గనిముఖమున సైలసు నిలిచి మేస్త్రీని పిలిచి "కొమ్ము ఊదింపుము. ఒక్కడును క్రింద నుండరాదు" అని ఆజ్ఞాపించెను. శిలాధూళిధవళితదేహులగు కూలీలు ఒకరి వెనుక నొకరు నిచ్చెనలెక్కి రాసాగిరి.

"నాకు కానరాదు. లెక్కింపుము తల్లీ" అనెను సైలసు.

ఆమె బిగ్గరగా లెక్కించెను. నలువదియొకటవవాడు నేలపై అడుగిడిన పిమ్మటగాని తన భుజముమీది చేయి గడగడ వణకుచున్నదని ఆమె గ్రహింపలేదు.

సైలసు ఆ దినముననే విచారణాధికారులయెదుట తన దోషము నొప్పుకొనెను. యజమానులు ఆయనను కొలువునుండి తొలగించిరి. తొమ్మిదవ దినమున తూర్పుగోడ నిర్జనమైన గనిలోనికి కూలెను.

బహువత్సరములు గడచి ఎస్తేరు కార్విను కీర్తి దేశమంతట వ్యాపించిన పిదప విద్యార్థిని యొకతె ఆమెను సమీపించి అంత చిన్నవయస్సున అట్టి పద్యము వ్రాయుటకు ధైర్యమెట్లు కలిగెనని ప్రశ్నించెను. ఆ వృద్ధ యిట్లనెను:

"వ్రాయుటకు ధైర్యమక్కరలేదమ్మా. వినవలసినవాని యెదుట కూర్చుండి చదువుటకే కావలయును. అది నాకు ఆ దినమునను లేదు. లేకయే చదివితిని."