జలదారి చెట్టు

మా అత్తగారు చనిపోయిన ఏడాదే ఇల్లు పంచుకున్నాం. పెద్దమనుషులు పొద్దున్నే వచ్చి, కాఫీలు తాగి, తాడు పట్టుకుని పెరడంతా తిరిగారు. చివరికి కొబ్బరిచెట్టు మా వైపుకీ, జలదారి మా మరిది జోజి వైపుకీ వచ్చాయి. జలదారంటే పెద్ద సంగతేం కాదు, గిన్నెలు తోముకునే రాతిగట్టు, పక్కన నీళ్ళ గోలెం, అంట్ల నీళ్ళు పోవడానికి చిన్న కాలవ. ఆ కాలవ తిన్నగా చెట్టు మొదట్లోకి వెళ్ళేది. చెట్టు ఎవరిదో, గట్టు ఎవరిదో కాగితం మీద రాసుకున్నాం. మధ్యలో పారే నీళ్ళ సంగతి ఎవరికీ తోచలేదు. అంట్ల నీళ్ళకి కూడా వాటా ఏమిటనుకున్నారు కాబోలు.

మాది రాజోలు దగ్గర ఊరు. కొబ్బరిచెట్లకి కొదవ లేదు గాని, మా జలదారి చెట్టు గెల వేరు. వరికోతలయ్యాక మా చర్చిలో కోతపండుగ చేస్తారు. ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి పెడతారు, ధాన్యం గానీ గుమ్మడికాయ గానీ కోడిపుంజు గానీ. పాస్టరుగారు నిలబడే చోటికి కుడివైపున మొదటి స్తంభం మాత్రం మాది. దానికి ఆ చెట్టు గెల కట్టడం ఆనవాయితీ. అత్తగారు గెల ఎత్తి పట్టుకుంటే నేను తాడు బిగించేదాన్ని. కాపురానికొచ్చిన కొత్తలో నా వంట ఆవిడకి నచ్చలేదు, నా ఉతుకుడు నచ్చలేదు. నేను వేసిన ముడి ఒక్కటే నచ్చింది. అందుకని ఆ స్తంభమంటే నాకు ప్రాణం. గర్వమంటారా, అనుకోండి.

మా ఆయన ఏసుదాసు మాస్టారు హైస్కూల్లో సైన్సు చెబుతారు. పంపకాలయ్యాక ఆయనకి హఠాత్తుగా పరిశుభ్రత గుర్తొచ్చింది. ముందు పెరట్లో అడ్డంగా దడి కట్టించారు. ఆ దడికి కమ్మలు ఆ చెట్టువే. దడి కిందనుంచి అంట్ల నీళ్ళు ఇటు రావడం నిలబడి చూశారు. చూసి, క్లాసులో చివరి బెంచీకి కూడా వినబడే గొంతుతో అన్నారు.

"జోజీ, మీ ఎంగిలినీళ్ళు మా వైపు రాకుండా చూసుకోండర్రా. దోమలు చేరతాయి."

అవతలనుంచి జోజి గొంతు వినిపించింది. "ఆయ్, అలాగేనండి అన్నయ్యగారూ."

సాయంత్రానికల్లా కాలవని మట్టితో పూడ్చేసి, నీళ్ళని వీధి పక్క బోదెలోకి మళ్ళించేశాడు. మా వైపు కోపాలు ఇలాగే ఉంటాయి, అండీ తగ్గదు, పని ఆగదు.

ఆ వెనకే మేము అమలాపురం నుంచి గ్యాస్ పొయ్యి తెచ్చుకున్నాం. పొగ లేదు, బూడిద లేదు. గిన్నెలకి సబ్బుపొడి వచ్చింది. ఎండిన కమ్మలూ కొబ్బరి డొక్కలూ ఇంట్లో దేనికీ పనికిరాక, బండి వచ్చినప్పుడల్లా పీచు వ్యాపారికి వేసేసేవాళ్ళం. నేను చాలా సుఖపడ్డాను, అబద్ధమెందుకు.

సుఖపడనిది చెట్టొక్కటే. మొదటి కోతపండుగకి గెల బాగానే దిగింది. ఆ తరవాతి ఏడు చిన్నబోయింది. దాని మరుసటి వేసవికి కింది కమ్మలు అంచుల్నుంచి పసుపెక్కి, గోళీలంతేసి పిందెలు పొద్దున లేచేసరికి చెట్టు కింద పడి ఉండేవి. మా ఆయన యూరియా వేశారు. చెట్టు కాస్త పచ్చబడింది, పిందెలు మాత్రం రాలుతూనే ఉన్నాయి. ఎవరో ఉప్పు వెయ్యమంటే ఉప్పూ వేశారు. కాయల దింపు తియ్యడానికి ఎక్కినవాడు పైన చూసేది లేక వెంటనే దిగిపోయాడు.

ఒకరోజు ఆయన బడినుంచి వస్తూనే, చేతికి సుద్ద కూడా కడుక్కోకుండా చెట్టు కింద నిలబడ్డారు. ఏటా బోర్డు మీద నత్రజని వలయం బొమ్మ వేస్తారు. మట్టిలోంచి మొక్కకి, మొక్కలోంచి పశువుకి, పశువులోంచి మళ్ళీ మట్టికి గుండ్రంగా బాణాలు. ఆ రోజు అదే పాఠం.

"బూడిద, కృపా" అన్నారు.

"ఏ బూడిదండి?"

"ఈ చెట్టు కమ్మలూ డొక్కలూ మా అమ్మ పొయ్యిలో పెట్టేది. ఆ బూడిదతోనే గిన్నెలు తోమేది. బూడిదలో పొటాష్ ఉంటుంది, కాయ నిలబడ్డానికి కావలసింది అదే. అది అంట్ల నీళ్ళల్లో కలిసి మళ్ళీ చెట్టుకే వచ్చేది. చెట్టు తిన్నది చెట్టుకే చేరేది. ఇప్పుడు డొక్కలు బండెక్కి పోతున్నాయి, నీళ్ళు బోదెలోకి పోతున్నాయి."

"అయితే వెళ్ళి కాలవ తియ్యమని అడగండి."

"నేనా?" అని లోపలికి వెళ్ళిపోయారు. ఆయనకి పాఠం అర్థమైంది, హోంవర్కే కష్టమైంది.

నేనే వెళ్ళాను. దడి అడ్డం కాబట్టి వీధిలోంచి చుట్టూ తిరిగి వెళ్ళాను. మా తోటికోడలు పుష్పలత ఊకపొయ్యి మీద మసిబారిన గిన్నెని గట్టు మీద పెట్టుకుని రుద్దుతోంది. కూర్చోమని పీట వేసింది. అంట్ల నీళ్ళు అడుక్కోవడానికి ఎలా మొదలుపెట్టాలో తెలియక, సూటిగానే అడిగేశాను.

"కాలవ పూడ్చింది మీ మరిదిగారేనండి అక్కయ్యగారూ" అంది, చెయ్యి ఆపకుండా. "పూడ్చమన్నది బావగారండి. ఆయనొచ్చి చెబితే ఇప్పుడే తీసేస్తాం."

"ఆయన రారు పుష్పా."

"ఎంగిలినీళ్ళన్నారండి. చుట్టుపక్కల అందరూ విన్నారు. అప్పటిదాకా ఇదే గట్టు మీద ఆయన కంచం కూడా నేనే తోమేనండి."

ఇంటికొచ్చి ఆ మాట ఉన్నదున్నట్టు ఆయనకి చెప్పాను. ఆయన పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. దిద్దుతూనే ఉన్నారు.

కోతపండుగ వచ్చింది. మా స్తంభానికి సంఘపెద్ద మాణిక్యంగారి అరటిగెల వేలాడుతోంది. "ఖాళీగా ఉంది కదాని కట్టేనండి మాస్టారూ, మరోలా అనుకోకండి" అన్నారాయన. అనుకోవడానికేముంది, గెల బాగానే ఉంది. అందరూ స్తుతిపాట పాడుతుంటే నేను పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఒక అరటిగెలని చూసి ఏడవడం సిగ్గుగానే ఉంది గాని, ఆగలేదు. మా ఆయన పక్కనుంచి చూశారు.

మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి వంటింట్లో అంట్లు లేవు. దడి సందులోంచి చూద్దును గదా, మాస్టారు తెల్లపంచె ఎగ్గట్టి, ఒక చేత్తో మా గిన్నెల బుట్ట, ఇంకో చేత్తో డొక్కల గంపతో వీధిలోంచి జోజి వాకిట్లోకి నడిచి వస్తున్నారు. వీధి వీధంతా చూసి ఉంటుంది. పుష్పలత గట్టు మీంచి లేచి పక్కకి తప్పుకుంది. నోట్లో వేపపుల్లతో జోజి బయటికొచ్చాడు.

"ఇదేంటండి అన్నయ్యగారూ?"

"బూడిదుందా?"

"ఊక బూడిదండి."

"ఇవాళ్టికి అది చాలు. రేపట్నుంచి ఈ డొక్కలు కాల్చండి."

గట్టు మీద గొంతుక్కూర్చుని, పీచు తీసుకుని తోమడం మొదలుపెట్టారు. ఆయన గిన్నె తోమడం నేను చూడటం అదే మొదలు. బాగా తోమలేదు. జోజి పుల్ల తీసి చేత్తో పట్టుకుని కాసేపు చూశాడు.

"అడుగు మాడిందండి. ఇంకాస్త గట్టిగా."

"ఆ." గట్టిగా తోమారు. తల ఎత్తకుండానే అన్నారు, "నాదీ ఎంగిలేరా జోజీ. ఆ మాట అనకుండా ఉండాల్సింది."

జోజి లోపలికెళ్ళి పార తెచ్చి, పూడ్చిన చోట మట్టి తీశాడు. బూడిదనీళ్ళు దడి కిందనుంచి మెల్లగా ఇటు వచ్చి, నా కాళ్ళ పక్కనుంచి చెట్టు మొదట్లోకి పోయాయి. నీళ్ళల్లో రెండు మెతుకులు కూడా ఉన్నాయి.

గ్యాస్ పొయ్యి నేను మానలేదు. కమ్మలూ డొక్కలూ మాత్రం పుష్పలత పొయ్యికి పంపిస్తున్నాం, మా అంట్లూ అక్కడే తోముతున్నాం. వానాకాలంలో దడి కుళ్ళి పడిపోయింది. కొత్తది కట్టమని ఎవరూ అనలేదు. ఆ కమ్మలు ఎండాక పుష్పలత పొయ్యిలో పెట్టేసింది, ఆ బూడిదా కాలవలోనే పోయింది. అలా దడి కూడా చెట్టుకే చేరింది.

ఆ ఏడు కోతపండుగకి గెల దిగింది. అత్తగారి నాటి బరువు లేదు గాని, ఒక్కరు ఎత్తి పట్టుకుని తాడు కట్టగలిగే బరువూ కాదు. మాణిక్యంగారు తన అరటిగెలని రెండో స్తంభానికి మార్చుకున్నారు. మొహం కాస్త మాడ్చుకున్నారు. పుష్పలత గెలని రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. నేను తాడు చుట్టి ముడి బిగించాను.

"వచ్చే ఏడు మీరు పట్టుకోండి అక్కయ్యగారూ" అంది, చేతులు దులుపుకుంటూ. "నేను కడతానండి."

ఆ ముడి నాదని చెబుదామనుకున్నాను. కాపురానికొచ్చాక నాకు దక్కిన మొదటి మెప్పు అది. గెల వంక చూశాను.

"ఆయ్" అన్నాను.